పక్కవాళ్ళ విస్తరి వైపు చూడొద్దు

పెద్దమ్మ పోయిందని మొన్న మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. తొంభై దాటిన మనిషి, మంచాన పడకుండా పోయింది, అంతకంటే ఏం కావాలక్కా అన్నాడు. నిజమే. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ తోచలేదు.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. చుట్టరికం లేదు, కులమూ వేరే. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట వైపు పోయే దారిలో, పెన్నకు దగ్గరగా ఒక చిన్న ఆశ్రమం ఉండేది. ఇప్పటికీ ఉంది. అక్కడ వంట ఆమె చేతిలో ఉండేది. గోలీలాడే పిలకాయల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ ఆమె పెద్దమ్మే. అసలు పేరు నాకు ఆ ఫోన్లోనే తెలిసింది. ఆశ్రమం పేరు మాత్రం ఇక్కడ రాయను. ఉన్న నలుగురూ ప్రశాంతంగా ఉన్నారు, వాళ్ళ మీదికి జనాన్ని తోలడం నాకిష్టం లేదు.

నేను అక్కడికి చేరింది భక్తితో కాదు. మా అమ్మకు టీబీ అని తేలింది. నాన్న ఆమెను తాంబరం శానిటోరియంలో చేర్చి, మద్రాసుకూ నెల్లూరుకూ తిరుగుతా ఉండేవాడు. నన్ను అవ్వ దగ్గర వదిలారు. అవ్వ అప్పటికే మూలాపేట ఇల్లు చిన్నాయనకు అప్పజెప్పి ఆశ్రమంలో చేరిపోయి ఉంది. కోడలితో పడక చేరిందని బంధువులు చెవులు కొరుక్కునేవాళ్ళు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆశ్రమాలకు వచ్చేవాళ్ళంతా దేవుణ్ణి వెతుక్కుంటా వస్తారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో సగం మంది ఇంట్లో ఎవరో ఒకరిని తప్పించుకుని వచ్చినవాళ్ళే. తీరా వచ్చాక అలాంటి మనుషులే ఇంకో పాతికమంది ఎదురవుతారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

*

తెల్లవారుజామున నాలుగింటికి గంట. గంటంటే గుడి గంట కాదు, వేపచెట్టు కొమ్మకు ఇనప తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని సుత్తితో కొడితే చేలల్లో కుక్కలు కూడా లేచేవి. ఆ వెంటనే బావి గిలక కిర్రుమనేది. తర్వాత రేకు బక్కెట్ల చప్పుడు, వసారాలో ఎవరో దగ్గడం, ఆఖర్న చిడతలతో నామం. ఈ వరస ఏ రోజైనా తప్పితే, ఎవరికి ఒంట్లో బాగాలేదో అవ్వ పడక మీద నుంచే చెప్పేసేది. "గిలక ఆలస్యమైంది సూడు, మూల గది ఆయనకు మళ్ళా మోకాళ్ళు పట్టేసినట్టుండాయి" అనేది. చాలాసార్లు నిజమయ్యేది.

ఎండాకాలం బావి అడుగంటేది. అప్పుడు పెన్నలో చెలమలు తీయాల్సిందే. ఇసకలో మోకాలి లోతు తవ్వితే ముందు తడి తగులుతుంది, కాసేపటికి మడ్డి నీళ్ళు ఊరతాయి. అవి తోడి అవతల పారబోయాలి. రెండోసారి ఊరినవీ పారబోయాలి. ఆ తర్వాత ఊరే నీళ్ళలో అడుగున ఇసక రేణువులు ఒక్కొక్కటీ కనపడేవి. బిందె ముంచకూడదు, ముంచితే గట్టు జారి మళ్ళీ మడ్డి అవుతుంది. కొబ్బరి చిప్పతో ఓపిగ్గా తోడుకోవాలి. నీ బిందె నిండాక లేచి వచ్చేయడానికి లేదు. చెలమ గట్టు చేత్తో సరిచేసి, పక్కన ఎవరి బిందె ఉంటే అందులో నాలుగు చిప్పలు పోసి రావాలి. ఇది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ గుర్తులేదు, ఎక్కడా రాసి కూడా లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. రెండు రోజులు తన బిందెలో ఎవరో నీళ్ళు పోసి పోతుంటే, మూడో రోజు వాళ్ళకే తెలిసొచ్చేది.

ఇప్పుడు ఆ రేవులో చెలమ తీయడానికి ఇసకే లేదు. లారీలెక్కి పోయింది.

*

గోడ మీద రాసినవి వేరే. ప్రార్థన జరిగే పెంకుటింట్లో, సున్నం గోడ మీద నీలిమందుతో రాసిన పదకొండు మాటలు. సత్యం, అహింస, బ్రహ్మచర్యం, అస్వాదం, అస్తేయం, అపరిగ్రహం, అభయం, అస్పృశ్యతా నివారణ, శరీర శ్రమ, సర్వధర్మ సమభావం, స్వదేశీ. గాంధీగారి ఆశ్రమాల్లో పాటించిన ఏకాదశ వ్రతాలు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి గానీ, చివరికొచ్చేసరికి చోటు చాలక 'స్వదేశీ' కిటికీ కిందికి దిగిపోయింది.

అవి అక్కడికి వచ్చింది అయ్యవారి వల్ల. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, ఆశ్రమానికి పెద్ద. అందరూ అయ్యోరు అనేవాళ్ళు. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాయన భుజాల మీద కూర్చుని గాంధీని చూశాడట. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించిన రోజు అది. దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు పూనుకుని పెట్టారు. పొణకా కనకమ్మ గారు అండగా నిలిచారు. దక్షిణాఫ్రికాలో గాంధీతో కలిసి నడిచిన పార్సీ రుస్తుంజీ పంపిన డబ్బుతో అక్కడ భవనం లేచింది. ఇవన్నీ అయ్యవారు తేదీలతో సహా చెప్పేవాడు గానీ, మాకు గుర్తుండిపోయింది మాత్రం వేరే. "ముందు గాంధీ కనపళ్ళేదురా, దుమ్ము కనపడింది. ఆ దుమ్ము అణిగినాక సన్నంగా ఒక మనిషి కనపడినాడు. ఈయన కోసమా ఇంత దుమ్ము అనుకున్నా" అని నవ్వేవాడు. కుర్రతనంలో పల్లెపాడు పోతా వస్తా రాట్నం తిప్పడం, పాయఖానాలు కడగడం అక్కడే నేర్చుకున్నానని చెప్పేవాడు. రెండోది నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టిందట.

సాయంత్రం దీపాలు పెట్టాక పిలకాయలందర్నీ కూర్చోబెట్టి రోజుకొక వ్రతం చొప్పున చెప్పేవాడు. బ్రహ్మచర్యం వంతు వస్తే "ఇది మీకు తర్వాత" అని అస్వాదానికి దూకేవాడు. అస్వాదం అంటే నాలుకకు లొంగకపోవడం, రుచి కోసం కాకుండా ఒంటి కోసం తినడం. ఈ వ్రతం మీద అయ్యవారికీ పెద్దమ్మకూ ఎప్పుడూ పేచీ. పప్పులో ఉప్పు మరిచిపోయిన రోజు పంక్తిలో ఎవరూ కిక్కురుమనకుండా తినేశారు. ఆఖర్న తాను తిని చూసుకున్న పెద్దమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "అయ్యా, ఉప్పు లేకపోతే లేదని చెప్పండి. వ్రతమని మింగబాకండి. మీరు మింగితే నేను రేపు గూడా అట్నే చేస్తా" అంది. అయ్యవారు కాసేపు ఆలోచించి, "అది మొదటి వ్రతం కిందికి వస్తుంది, పెద్దమ్మ చెప్పిందే రైటు" అన్నాడు.

*

పెద్దమ్మకు చదువు రాదు. గోడ మీది మాటలు ఆమెకు నీలం గీతలే. కానీ వంటింట్లో ఆమె నియమాలు ఆమెకున్నాయి. కడిగిన గరిటె బోర్లించి పెట్టాలి. పొయ్యిలోకి కట్టె తోసేవాళ్ళు మాట్లాడుతా తోయకూడదు. ఎవరింటి నుంచి బియ్యం వచ్చినా బస్తా మీద పేరు గీకేయాలి. ఇది మాత్రం చాలా పట్టుదలగా చేసేది. ఒకసారి ఒక ఆసామి రెండు బస్తాలు మొలగొలుకులు పంపాడు. అప్పటికే ఆ వడ్లు వేసేవాళ్ళు తగ్గిపోయారు. ఉడుకుతుంటే కమ్మటి వాసన వసారా దాకా వచ్చింది. ఎవరిచ్చారు పెద్దమ్మా అని అందరూ అడిగినా ఆమె నోరు విప్పలేదు. "పేరు తెలిస్తే రేపు ఆయన వస్తే లేచి నిలబడతారు. మిగతావాళ్ళు వస్తే నిలబడరు" అంది.

భోజనం మర్రాకు విస్తళ్ళలో. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చీపురుపుల్లలతో కుట్టి, రాయి కింద అణచి పెట్టేవాళ్ళు. పంక్తి ఒకటే, ఎవరు ముందొస్తే వాళ్ళు అక్కడ. అందరికీ వడ్డన అయ్యేదాకా చెయ్యి పెట్టకూడదు. ఈరోజు తిన్నవాళ్ళు రేపు వడ్డించాలి, వడ్డించినవాళ్ళు ఆఖర్న తినాలి. పెద్దమ్మ అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది: పక్కవాళ్ళ విస్తరి వైపు చూడొద్దు.

మా చిన్నాయన కొడుకు, అదే ఫోన్ చేసినవాడు, వేసవి సెలవులకు వచ్చాడు. ఆరోజు వంకాయ కూర. వాడు తన కూరంతా అన్నం కింద కప్పేసి, "పెద్దమ్మా, నాకు కూర పళ్ళేదు" అన్నాడు అమాయకంగా. పెద్దమ్మ వంగి విస్తరి చూసింది. వాణ్ణీ చూసింది. ఏమీ అనకుండా ఇంకో గరిటె వేసి పోయింది. వాడు నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. మర్నాడు వాడి దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ముందు కూర వేసింది, దాని మీద అన్నం పెట్టి చేత్తో నీటుగా కప్పింది. "నీకు శ్రమ ఎందుకని నేనే కప్పినా నాయనా. మళ్ళా వెయ్యమంటావా?" పంక్తంతా పొలమారేదాకా నవ్వింది. వాడికి ఇప్పుడు యాభై దాటాయి, వంకాయ కూర వండితే వాళ్ళావిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

*

పౌర్ణమికీ అమావాస్యకూ రాత్రి భోజనాలయ్యాక అందరూ వసారాలో లాంతరు చుట్టూ కూర్చోవాలి. ఆ పక్షం రోజుల్లో ఎవరి మనసులో ఏముందో చెప్పుకోవాలి. కానీ ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోవాలి, ఇంకొకరి సంగతి ఎత్తకూడదు. ఫలానా ఆమె మీద కోపం పెట్టుకున్నాను అనొచ్చు. ఆమె ఇట్లా చేసింది కాబట్టి అనే ముక్క రాగానే అయ్యవారు చెయ్యెత్తేవాడు.

నియమం ఎంత బాగున్నా మనుషులు తెలివైనవాళ్ళు. అవ్వకూ కోవూరు నుంచి వచ్చిన ఇంకో ముసలామెకూ చేంతాడు దగ్గర తగాదా వచ్చింది. తడి తాడును ఎవరో ఆరేయకుండా చుట్ట చుట్టి పెట్టారు. అది లోపల చివికి, ఒకరోజు తెగి, బక్కెట్టు బావిలో పడింది. పాతాళగరిగె వేసి పొద్దున్నంతా దేవులాడారు. ఎవరు చుట్టారనేది తేలలేదు. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఒకే వసారాలో, పక్కపక్క చాపల మీద పడుకుంటా, అగ్గిపెట్టె కావాలన్నా నాతో అడిగించుకునేవాళ్ళు.

అమావాస్య వచ్చింది. అవ్వ గొంతు సవరించుకుంది. "తడి తాడు చుట్టిపెట్టే మనిషిని నేను కాదు గదా అని ఈ పదిహేను రోజులూ మనసులో అనుకుంటా ఉండా. అట్టా అనుకోవడం నా తప్పే." అయ్యవారు చెయ్యి సగం ఎత్తి, ఎత్తాలో వద్దో తెలియక దించేశాడు. కోవూరు ఆమె వంతు వచ్చింది. "కొందరు మనసులో అనుకునేవి నాకు బయటికే వినపడతా ఉండాయి. వినడం నా తప్పే." లాంతరు దగ్గర కూర్చున్న పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అయ్యవారు ఇద్దర్నీ మందలించలేదు. కొత్త తాడు పేనే పని వాళ్ళిద్దరికీ అప్పజెప్పాడు. తాడు పేనడం ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదు. ఒకరు ఈ కొస పట్టుకుని పురి ఎక్కిస్తుంటే, ఇంకొకరు ఆ కొస బిగించి పట్టుకోవాలి. పురి ఎక్కేకొద్దీ తాడు కురచవుతుంది, కాబట్టి ఆ కొసనున్నవాళ్ళు అంతకంతకు ముందుకు రావాలి. గోగునార తడిపి మొదలుపెట్టారు. గంటసేపు సైగలతో నడిపారు. ఎక్కడో నార జారింది, అవ్వ "పట్టుకోమ్మే!" అని అరిచింది. "పట్టుకునే ఉండా, నువ్వే వదిలినావు!" అని ఆమె అరిచింది. అంతే, మధ్యాహ్నం భోజనానికి గంట కొట్టేవేళకు ఇద్దరూ కోడళ్ళ సంగతుల్లో ఉన్నారు.

*

అవ్వకు గురువంటే మాత్రం గొలగమూడి వెంకయ్య స్వామే. శనివారాలు నెల్లూరు పోయి, అక్కణ్ణుంచి వెంకటాచలం వైపు బస్సెక్కేవాళ్ళం. అదే బస్సులో కసుమూరు దర్గాకు పోయేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఒక సీట్లో కొబ్బరికాయల సంచి, పక్క సీట్లో మల్లెపూల బుట్ట, కింద ఎవరిదో కోడి. సర్వధర్మ సమభావం గురించి అయ్యవారు ఎంత చెప్పినా నాకు ఆ బస్సే గుర్తొచ్చేది.

స్వామి ముఖం నాకు సరిగా గుర్తులేదు, చిన్నదాన్ని. ధుని పొగకు కళ్ళు మండడం గుర్తుంది. కాగితాల మీద స్వామి వేసిచ్చే వేలిముద్రలు గుర్తున్నాయి. అవ్వ ఒకటి తెచ్చుకుని ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో దాచింది. అక్కడ నాకు విచిత్రంగా అనిపించింది గోడల మీద ఏ నియమమూ లేకపోవడం. ఎవరో చెప్పకుండానే చీపురు తీసుకునేవాళ్ళు, ఎవరో కట్టెలు కొట్టేవాళ్ళు. రాత్రి నిద్ర చేయడానికి వచ్చినవాళ్ళు దొరికిన చోట చాప పరుచుకునేవాళ్ళు. "ఓం నారాయణ ఆదినారాయణ" వింటా నిద్రపోయేదాన్ని.

మన దగ్గర అన్ని నియమాలు ఎందుకు, ఇక్కడ ఒక్కటీ లేదేం అని అవ్వను అడిగాను. "ఈడ స్వామి ఉండాడు, నియమంతో పనేముంది? మన కాడ స్వామి లేడు, అందుకే గోడ మీద రాసుకున్నాం" అంది. ఇన్నేళ్ళలో ఆశ్రమ జీవితం గురించి పెద్ద పెద్దవాళ్ళ ప్రసంగాలు విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

1982 ఆగస్టు 24న స్వామి సమాధి అయ్యారు. కబురు వచ్చేసరికి అవ్వ విస్తరాకులు కుడతా ఉంది. చేతిలోది పూర్తి చేసి, పుల్లలు ఏరి కట్టగట్టి, అప్పుడు లేచింది. తిరిగొచ్చాక చాలా రోజులు మాట తక్కువైంది. ఒకరోజు మాత్రం తనలో తానే, "ఇంక ఆడ గూడా రాసుకోవాల్సి వస్తదేమో" అంది.

*

1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. మా దగ్గర రాత్రంతా గాలి హోరు. పెంకులు ఒక్కొక్కటే లేచి పోతున్నాయి. ఏ జామునో ఏటి ఒడ్డున గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలు పిల్లాజెల్లాతో తడిసి ముద్దై గేటు దగ్గరికి వచ్చాయి. గట్టిగా నిలబడి ఉన్నది ప్రార్థన జరిగే ఇల్లొక్కటే. "అందులోకా?" అన్నాడు మా వాళ్ళలో ఒక పెద్దమనిషి. గట్టిగా అనలేదు, కానీ అన్నాడు. అయ్యవారు లాంతరు గోడ వైపు ఎత్తి, "ఎనిమిదోది చదువు" అన్నాడు. ఆయనకు కళ్ళజోడు లేక కనపడలేదో, నిజంగానే చదువు రాదో, మాట్లాడకుండా నిలబడ్డాడు. అయ్యవారు నన్ను చదవమన్నాడు. అస్పృశ్యతా నివారణ అని గట్టిగా చదివాను. గాలి హోరులో నా గొంతు నాకే వినపడలేదు. అప్పటికే పెద్దమ్మ చాపలు పరుస్తోంది.

మర్నాడూ వాన తెరిపివ్వలేదు. గంజి కాచి పోశారు. వాళ్ళలో మూడేళ్ళ పిల్లాడొకడు ఏమి పెట్టినా మూతి తిప్పుకుని ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ సిగ్గుపడతా చెప్పింది, ఎండుచేప లేంది వాడు ముద్ద మింగడని. ఆమె మూటలో నాలుగు ఎండుచేపలు ఉన్నాయి కూడా. ఆశ్రమంలో నీచు వాసన తగలకూడదు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పెద్దమ్మ లేచి, పశువుల కొట్టం వెనక మూడు రాళ్ళు పెట్టి, పొయ్యిలోంచి రెండు కొరకంచులు తెచ్చి మంట చేసింది. "పోమ్మే, కాల్చుకో. నియమం మనకు, ఆ పిలకాయకు ఏం నియమం?" అంది. వానకు తడవకుండా ఆ మంట మీద గోనెపట్ట పట్టుకుని నిలబడింది కూడా ఆమే. ఎండుచేప కాలిన వాసన ఆశ్రమమంతా కమ్ముకుంది. అయ్యవారు ఆరోజు ప్రార్థన కొంచెం పొడిగించాడు, ముక్కు మీద పైపంచె వేసుకుని.

*

అంతా బంగారం అని చెప్పను. శరీర శ్రమ అందరికీ సమానమే అన్నా, గుండిగలు తోమింది ఎప్పుడూ ఆడవాళ్ళే. మగవాళ్ళు తోటపని చేసి అలిసిపోయేవాళ్ళు. నెలసరి వచ్చినవాళ్ళు మూడు రోజులు వెనక పాకలో కూర్చోవాలి. అస్పృశ్యత పోవాలని గోడ మీద రాసుకున్నవాళ్ళకు ఆ పాక కనపడలేదు. అయ్యవారిని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, అడిగినా ఏం చెప్పేవాడో. పెద్దమ్మ మాత్రం ఆ పాకలో ఉన్నవాళ్ళకు చివరి విస్తరి కాకుండా మొదటి విస్తరి పంపేది. అయ్యవారు పోయాక లెక్కల దగ్గర గొడవలొచ్చాయి. హుండీ తాళం ఎవరి దగ్గరుండాలనే దాని మీద రెండు వర్గాలయ్యాయి. ఆ సంగతులు రాయాలని లేదు.

*

టీచరు ఉద్యోగం వచ్చి ప్రకాశం జిల్లాలో దొనకొండ వైపు పోస్టింగ్ పడింది. ఒకసారి పిల్లల్ని చందవరం తీసుకుపోయాం. గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ మీద ఇటికెల మహాస్తూపం. పిల్లలు పరిగెత్తి చుట్లు తిరుగుతున్నారు. ఇక్కడ భిక్షువులు ఏం తినేవాళ్ళు టీచర్, రోజూ ఏం చేసేవాళ్ళు అని ఒకమ్మాయి అడిగింది. చదివి చెబుతానని లైబ్రరీ నుంచి బౌద్ధ సంఘం గురించి పుస్తకాలు తెచ్చుకున్నాను.

పాలి వినయ పిటకంలో భిక్షువులకు 227 నియమాలు. పౌర్ణమికీ అమావాస్యకూ అందరూ ఒకచోట చేరి వాటిని వల్లె వేయాలి, తప్పు జరిగినవాళ్ళు ముందే చెప్పుకోవాలి. ఇక్కడికే నాకు మా లాంతరు గుర్తొచ్చింది. అయ్యవారు ఇది చదివే పెట్టి ఉంటాడు, ఆయన చదవని పుస్తకం తక్కువ. కానీ ఇంకా ముందుకు పోతే భోజనం నియమాలున్నాయి. తప్పుపట్టే ఉద్దేశంతో పక్కవాడి భిక్షాపాత్రలోకి చూడరాదు. ఇంకొంచెం దొరుకుతుందనే ఆశతో కూరను అన్నంతో కప్పరాదు. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని పైకి నవ్వేశాను. పెద్దమ్మకు ఇది ఎవరు చదివి వినిపించి ఉంటారు? ఎవరూ కాదు. ఆ నియమాలు ముందే కూర్చుని రాసుకున్నవి కావు, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తే, దాని మీద గొడవైతే, ఒక్కొక్కటిగా పెట్టినవని ఆ పుస్తకాల్లోనే ఉంది. అంటే ఆ కాలంలోనూ ఒక భిక్షువు అమాయకంగా మొహం పెట్టి, నాకు కూర పడలేదు అని ఉంటాడు.

మోక్షం గురించి తేడా వచ్చి ఆశ్రమం వదిలిపోయినవాళ్ళను నేను చూడలేదు. బక్కెట్టు గురించి, కిటికీ పక్క చోటు గురించి, నన్ను పలకరించకుండా పోయింది అనే దాని గురించి పోయినవాళ్ళను చాలామందిని చూశాను. పెద్దమ్మకు ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

*

ఆశ్రమానికి ఇప్పుడు ఒక ట్రస్టు ఉంది. గదులకు ఫ్యాన్లు, గ్యాస్ పొయ్యి, తాగే నీళ్ళకు ఫిల్టరు వచ్చాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కమోడ్లు పెట్టారు. పాత పాక పడిపోయింది, ఎవరూ మళ్ళీ కట్టలేదు. మంచిదే. నీలం అక్షరాల మీద రంగు వేసేసి, పదకొండు వ్రతాలూ ఫ్లెక్సీ మీద అచ్చేయించారు. కింద దాత ఫొటో. ఆయన భుజం వెనక్కి 'అపరిగ్రహం' సగం పోయింది.

పోయినసారి వెళ్ళినప్పుడు వాళ్ళ తగాదా సెల్‌ఫోన్ల మీద నడుస్తోంది. భోజనం వేళ పంక్తిలో ఫోన్లు మోగుతున్నాయని, ఒకామె సీరియల్ పెట్టుకుని తింటోందని, అందరూ ఫోన్లు ఒక బుట్టలో వేసి రావాలని ప్రతిపాదన. నాలుగు అమావాస్యలుగా తేలడం లేదు. ఒక పెద్దాయన కొడుకు అమెరికాలో ఉన్నాడు, సరిగ్గా మన మధ్యాహ్న భోజనం వేళకే అక్కడ వాళ్ళు పడుకోబోయే ముందు ఫోన్ చేస్తాడు. ఆయన ఫోన్ బుట్టలో వేయనంటాడు. టీచరమ్మవు కదా, నువ్వు చెప్పు అని నన్ను మధ్యలోకి లాగారు. నాకెందుకండీ అని తప్పించుకున్నాను. చివరికి వాళ్ళే తేల్చుకున్నారు. అందరి ఫోన్లూ బుట్టలోకి, ఆయనది మాత్రం పక్కనే, కాకపోతే స్పీకర్ పెట్టి మాట్లాడాలి. ఇప్పుడు ఆయన కొడుకు ఫోన్ చేస్తే పంక్తంతా "ఏం నాయనా, తిన్నావా, ఆడ చలిగా ఉందా" అని పలకరిస్తోందట. వడ్డించే ఆమె ముందు కోడలు ఫోన్ దగ్గరికి వచ్చిందా లేదా అని చూసి, తర్వాత మజ్జిగ పోస్తోందట.